ట్రాక్టర్ లిఫ్ట్ నిలవడం లేదా? సిలిండర్ మార్చే ముందు ఈ పరీక్షలు చేయండి

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది. 45 హెచ్‌పీ ట్రాక్టర్, దాని వెనక లిఫ్ట్‌కి (నూనె ఒత్తిడితో పనిముట్టును ఎత్తే భాగానికి) తగిలించిన ఆరడుగుల రొటావేటర్. పొద్దున బాగానే ఉంటుంది. గంటసేపు దమ్ము చేశాక లివర్ ముట్టుకోకపోయినా లిఫ్ట్ కాస్త దిగుతుంది, మళ్ళీ ఎగురుతుంది. ఇంజన్ ఆపితే 8 నిమిషాల్లో రొటావేటర్ నేలకు ఆనుతోంది. ఆ లోపు లింకు (పనిముట్టును పట్టుకునే కింది కడ్డీ) కొన 48 సెంటీమీటర్లు దిగిందన్నారు. మెకానిక్ సిలిండర్, పిస్టన్, పంపు మూడూ మార్చేద్దామంటున్నాడు.

పంపు జోలికి పోకండి. ఎందుకో చిన్న లెక్కతో తేలిపోతుంది.

మన బళ్లలో లిఫ్ట్ సిలిండర్ బయటికి కనపడదు. సీటు కింద టాప్ కవర్‌కి లోపలివైపు బిగించి ఉంటుంది. నూనె పిస్టన్‌ను నెడితే అది కనెక్టింగ్ రాడ్ ద్వారా రామ్ ఆర్మ్‌ను నెట్టి రాక్ షాఫ్ట్‌ను తిప్పుతుంది, లిఫ్ట్ చేతులు లేస్తాయి. దించడానికి పంపుతో పని లేదు, పనిముట్టు బరువే నూనెను బయటికి తోస్తుంది. సిలిండర్ లోపలి వ్యాసం 80 మి.మీ. అనుకుందాం (మీ మోడల్‌లో కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు). అంటే పిస్టన్ ఒక సెంటీమీటరు కదలడానికి సుమారు 50 సీసీ నూనె. పిస్టన్ ఒక సెంటీమీటరు కదిలితే లింకు కొన దాదాపు ఆరు సెంటీమీటర్లు కదులుతుంది. మీది 48 సెంటీమీటర్లు దిగింది, కాబట్టి పిస్టన్ 8 సెంటీమీటర్లు వెనక్కి వచ్చింది. పోయిన నూనె 400 సీసీ, నిమిషానికి 50 సీసీ. చిన్న టీ కప్పుడు.

ఈ తరగతి బళ్ల పంపు నిమిషానికి 20 లీటర్ల పైచిలుకు నూనె ఇస్తుంది. అందులో 50 సీసీ కారితే లిఫ్ట్ లేవడంలో తేడా మనిషికి తెలియదు. లేవకపోవడం వేరు, లేచింది నిలవకపోవడం వేరు. రెండూ ఒకే జబ్బు అనుకోవడం వల్లే పంపులు అనవసరంగా మారుతుంటాయి. లేవకపోతే పంపు, జల్లెడ, రిలీఫ్ వాల్వు (ఒత్తిడి హద్దు దాటితే నూనెను వదిలేసేది) చూడాలి. లేచి నిలవకపోతే సిలిండర్‌లో బంధించిన నూనె ఎక్కడినుంచి తప్పించుకుంటోందో వెతకాలి. మీది రెండోది. ఇంజన్ ఆపాక పంపు తిరగనే తిరగదు, ఇక అది చేసిన తప్పేముంది?

ఎగిరెగిరి పడటం కూడా ఇదే జబ్బు. నూనె కారి చేతులు కాస్త దిగగానే పొజిషన్ కంట్రోల్ లింకేజీ (లివర్ పెట్టిన ఎత్తులోనే చేతుల్ని నిలిపే ఏర్పాటు) ఆ తేడా కనిపెట్టి స్పూల్ (నూనె దారి తెరిచి మూసే కడ్డీ) తెరుస్తుంది, పంపు మళ్ళీ ఎత్తుతుంది. రెండు మూడు నిమిషాలకోసారి ఎగిరితే కారడం స్వల్పం. పది ఇరవై సెకన్లకోసారైతే ఇక ఆలస్యం చేయొద్దు, ప్రతి ఎగురుకీ సిలిండర్‌లో దెబ్బ పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు లేని జబ్బు వేడిమీద రావడానికి కారణం నూనె పలచబడటమే. అందుకే ఏ పరీక్షైనా బండిని పదిహేను ఇరవై నిమిషాలు పనిచేయించి నూనె వేడెక్కాకే చేయాలి. ఇంకో చిన్న విషయం: రొటావేటర్ తగిలించినప్పుడు డ్రాఫ్ట్ లివర్ (నేల లాగుడును బట్టి పనిముట్టు లోతు సరిచేసేది) పని చేసే స్థితిలో మిగిలిపోయినా లిఫ్ట్ ఇలాగే ఎగురుతుంది. ముందు దాన్ని మాన్యువల్‌లో చెప్పిన చోట పెట్టి, పొజిషన్ లివర్‌తోనే నడిపి చూడండి. ఉత్తి పుణ్యానికి టాప్ కవర్ విప్పినవాళ్లు ఉన్నారు.

నూనె తప్పించుకునే చోట్లు ఐదు. పిస్టన్ మీది సీలు. సిలిండర్‌కూ టాప్ కవర్‌కూ మధ్య నూనె దారి దగ్గరి ఓ-రింగు. సిలిండర్ పోత ఇనుములో పగులు. సిలిండర్‌కి విడిగా సేఫ్టీ వాల్వు ఉంటే అది. డిస్ట్రిబ్యూటర్‌లోని (నూనెను ఎటు పంపాలో చూసే వాల్వుల పెట్టెలోని) చెక్ వాల్వు (నూనెను ఒకవైపే పోనిచ్చేది), లోయరింగ్ వాల్వు, స్పూల్. మొదటి నాలుగూ సిలిండర్ వైపువి. ఐదోదైతే టాప్ కవర్ ఎత్తకుండానే బాగుచేసుకోవచ్చు. అందుకే ఏ వైపో తేల్చుకోవడం ముఖ్యం.

సమతల నేల మీద బండి పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, పీటీఓ (ఇంజన్ శక్తిని పనిముట్టుకు ఇచ్చే షాఫ్ట్) గేరు తీసేసి, లింకులు అడ్డంగా వచ్చేదాకా రొటావేటర్ ఎత్తండి. ఇంజన్ ఆపండి, లివర్ ముట్టుకోవద్దు. లింకు బాల్ నుంచి నేలకు టేపుతో కొలిచి, ప్రతి 5 నిమిషాలకూ అరగంటపాటు, లేదా నేలకు ఆనేదాకా, రాసుకోండి. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలో కొత్త ట్రాక్టర్లకు బరువు నిలిపే పరీక్ష కూడా ఇదే పద్ధతిలో చేస్తారు. మీ మోడల్ పరీక్ష నివేదిక దొరికితే అందులో అంకెలు చూసుకోవచ్చు. పాత బండి అరగంటలో రెండు మూడు అంగుళాలు దిగితే దాన్ని విప్పమని నేను చెప్పను.

ఇప్పుడు రెండో విడత. సీటు ముందు రెస్పాన్స్ నాబ్ (లిఫ్ట్ దిగే వేగాన్ని సరిచేసేది) ఉంటుంది. చాలా బళ్లలో దాన్ని పూర్తిగా బిగిస్తే సిలిండర్‌కీ డిస్ట్రిబ్యూటర్‌కీ మధ్య దారి మూసుకుపోతుంది. మీదాంట్లో మూస్తుందో లేదో తెలుసుకోవడం తేలిక: పనిముట్టు ఎత్తి, నాబ్ బిగించి, లివర్ కిందికి వేయండి. ఢామ్మని దిగకపోతే మూస్తున్నట్టే. అప్పుడు నాబ్ బిగించే మళ్ళీ అరగంట కొలవండి. నాబ్ తెరిచి ఉన్నప్పుడు దిగి, బిగిస్తే నిలిచిందంటే తప్పు డిస్ట్రిబ్యూటర్‌ది. బిగించినా అంతే వేగంతో దిగిందంటే సిలిండర్ వైపుది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా సిలిండర్ మార్చమన్న మాట నమ్మొద్దు.

ఫెర్గూసన్ పద్ధతి బళ్లలో (మాస్సీ ఫెర్గూసన్ లాంటివి) ఈ నాబ్ చిట్కా పనిచేయదు. వాటిలో పంపు నూనెలోనే మునిగి ఉంటుంది, కంట్రోల్ వాల్వు పంపులోనే ఉంటుంది, అక్కణ్ణుంచి నిలువు పైపు ఒకటి సిలిండర్‌కి పోతుంది. ఆ పైపు రెండు చివర్లా ఉన్న ఓ-రింగులు పోవడం అక్కడ మామూలే. వాటికి పక్క ప్లేటు విప్పి, అవసరమైతే నూనె కొంత దింపుకుని, పనిముట్టు ఎత్తి ఇంజన్ ఆపి టార్చి వేసి చూడాలి. సిలిండర్ నోటినుంచి కారుతుందా, పైపు మొదట్లోనా, పంపు దగ్గరా అన్నది కంటికి కనిపిస్తుంది. టార్చి మాత్రమే లోపలికి, చెయ్యి కాదు. రామ్ ఆర్మ్ కదిలితే వేళ్లు మిగలవు.

ప్రెషర్ గేజీ ఉన్న మెకానిక్ దొరికితే ఇంకా మంచిది. 0 నుంచి 400 బార్ గేజీని ట్రాలీ కప్లర్‌కి (ట్రాలీ నూనె పైపు తగిలించే చోటికి) తగిలించి, లివర్ వేసి నాలుగైదు సెకన్లు మాత్రం పట్టి చూస్తే రిలీఫ్ ఎక్కడ తెరుచుకుంటుందో తెలుస్తుంది. చాలా మోడళ్లలో 150 నుంచి 200 బార్ మధ్య ఉంటుంది, సరైన అంకె మాన్యువల్‌లోది. వేడి నూనెలో ఆ అంకె వస్తే రిలీఫ్ వాల్వు బాగున్నట్టే, పంపు ఒత్తిడి కట్టగలుగుతున్నట్టే. తక్కువ వచ్చిందని రిలీఫ్ స్ప్రింగు కింద వాషర్లు వేసి ప్రెషర్ పెంచేవాళ్లు ఉంటారు, వాళ్లని చేయనివ్వకండి. 80 మి.మీ. పిస్టన్ మీద 150 బార్ అంటే ఏడున్నర టన్నుల తోపు. దానిమీద ఇంకా పెంచితే పగిలేది సిలిండర్ పోతో, ఊడేది టాప్ కవర్ బోల్టులో.

పైపుల దగ్గర సన్నటి కారుడు వెతకడానికి చేత్తో తడమకండి. ఆ ఒత్తిడిలో సూదంత ధార చర్మంలోకి దూరిపోతుంది. పైకి చిన్న చుక్కలాగే కనపడినా వెంటనే ఆపరేషన్ కావాల్సిన గాయం అది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

ఇక నూనె. దమ్ము తర్వాత నూనె పాలు కలిపిన టీ రంగుకొచ్చిందని మీరు చివర్లో ఒక్క ముక్క రాశారు. నా దృష్టిలో మొత్తం ప్రశ్నలో అదే అసలు ముక్క.

మన బళ్లలో గేరు బాక్సు, డిఫరెన్షియల్, లిఫ్ట్ ఎక్కువగా ఒకే నూనెతో నడుస్తాయి. కేజీ వీల్స్‌తో యాక్సిల్ లోతు బురదలో గంటలకొద్దీ తిరిగితే వెనక యాక్సిల్ సీళ్లు, పీటీఓ షాఫ్ట్ సీలు, బ్రేకు షాఫ్ట్ బూట్లు, గేరు లివర్ రబ్బరు, డిప్‌స్టిక్కు, బ్రీదరు (గాలి ఆడే రంధ్రం), వీటిలో ఏది కాస్త వదులైనా నీళ్లు లోపలికి పోతాయి. వేడెక్కిన హౌసింగ్ చల్లటి బురదనీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని బయటి తడిని పీల్చుకుంటుంది. నీళ్లతో పాటు సన్నటి ఒండ్రు కూడా వస్తుంది. నీళ్లు కలిసిన నూనె సిలిండర్‌కి తుప్పు పట్టిస్తుంది, ఒండ్రు గీతలు గీస్తుంది. సీలు తెగడం వీటి తర్వాతి సంగతి.

తెల్లవారుజామున, రాత్రంతా కదలకుండా ఉన్న బండికి డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చేసి, ముందుగా వచ్చే పావు లీటరు గాజు సీసాలో పట్టండి. నీళ్లు బరువు కాబట్టి అవే ముందొస్తాయి. సీసా ఎండలో పెట్టి చూడండి, అడుగున నీళ్ల పొర కనిపించినా, మొత్తం పాలలా ఉన్నా సంగతి తేలినట్టే. అనుమానంగా ఉంటే బాగా కాలిన రేకు మీద ఒక చుక్క వేయండి. చిటపటలాడితే నీళ్లున్నాయి. బోల్టు అయస్కాంతానికి అంటిన పొడి కూడా చదవాలి. బూడిదలా మెత్తటి ఇనుప రజను గేర్ల మామూలు అరుగుడు. పసుపు రంగు లేదా తెల్లటి మెరుపు రేకులు, అయస్కాంతానికి అంటనివి, పంపువి గానీ బుష్‌లవి గానీ. నల్లటి రబ్బరు ముక్కలు సీళ్లవి. ఎర్రగానో నల్లగానో సాగే ముద్దలు కనిపిస్తే పోయినసారి ఎవరో గాస్కెట్‌కి పూసిన సిలికాన్. అది జల్లెడకి చుట్టుకుని పంపును ఊపిరాడనీయకుండా చేస్తుంది.

పరీక్షలు సిలిండర్ వైపే చూపిస్తే అప్పుడు టాప్ కవర్. పనిముట్టు తీసేసి, లింకులు పూర్తిగా దించి, ఇంజన్ ఆపాక లివర్ రెండుమూడుసార్లు ఆడించి మిగిలిన ఒత్తిడి వదలాలి. కవర్ చెయిన్ బ్లాకుతో తిన్నగా పైకి లేపాలి, వంచితే డ్రాఫ్ట్ లింకేజీ వంగుతుంది. పిస్టన్ బయటికి తీయడానికి గాలి ఊదేటప్పుడు సిలిండర్ నోరు చెక్క దుంగ వైపు ఉండాలి, మనిషి వైపు కాదు. గాలి కొద్దికొద్దిగా వదలాలి.

లోపల కనిపించేది చదవడం వస్తే కారణం దొరుకుతుంది. సిలిండర్ పడుకుని ఉంటుంది కాబట్టి అడుగు భాగంలోనే పొడుగు గీతలుంటే అది ఒండ్రు పని. ఒక పక్కనే మెరుపుగా అరిగితే కనెక్టింగ్ రాడ్ వంకరో, రామ్ ఆర్మ్ పక్కకు జరిగిందో. గుంటలు గుంటలుగా తుప్పు నోటివైపే ఉంటే బండి లిఫ్ట్ దించి నెలలకొద్దీ నిలబడింది. పిస్టన్ లోపలికి పోయి ఉన్నప్పుడు నోటివైపు గోడకి నూనె ఉండదు, తడిగాలి తగిలి తుప్పు పడుతుంది. మళ్ళీ సీజన్ మొదటిరోజు సీలు ఆ తుప్పు మీదుగా రాసుకుంటూ పోతుంది. పిస్టన్ అంచు చితికి ఉంటే రాక్ షాఫ్ట్ మీద చేతులో రామ్ ఆర్మో గుర్తుకు ఒక పన్ను పక్కన బిగించారేమో చూడండి. అలా బిగిస్తే పిస్టన్ నోరు దాటి బయటికొస్తుంది.

గీత మీద గోరు అడ్డంగా లాగండి. గోరు ఆగకపోతే సన్నటి హోనింగ్‌తో (రాపిడి రాళ్లతో లోపలి గోడ నునుపు చేయడం) సరిపోతుంది, కొత్త సీలుతో మూడు నాలుగేళ్లు లాగొచ్చు. గోరు ఆగితే హోనింగ్‌తో కొలత పెరుగుతుంది, పెరిగిన సందులోకి సీలు ఒత్తుకుపోయి తెగుతుంది. అప్పుడు సిలిండర్, పిస్టన్ జతగా కొత్తవి వేయాల్సిందే. స్లీవు (లోపల కొత్త గొట్టం) వేయించడం అనేది కొత్త భాగం దొరకని పాత మోడల్‌కి మాత్రమే, అదీ మంచి లేత్ ఉన్న చోట. పగులున్న పోతను వెల్డింగ్ చేయించడం మాత్రం వద్దే వద్దు.

సీలు వేయడంలో జరిగే పెద్ద తప్పు బ్యాకప్ రింగు తారుమారు. నూనె ఒత్తిడి ఉన్న వైపు ఓ-రింగు, దాని వెనక, అంటే కనెక్టింగ్ రాడ్ వైపు, బ్యాకప్ రింగు. తిరగేస్తే ఓ-రింగు సందులోకి పిండుకుపోయి కొన్ని గంటల్లోనే అంచు కొరికినట్టవుతుంది. పాత సీలు అంచు అలా కొరికినట్టుంటే తారుమారైనా అయి ఉండాలి, సందు పెరిగైనా ఉండాలి. గట్టిపడి పెంకులా విరిగితే నూనె వేడి కారణం. ఉబ్బి మెత్తబడితే తప్పు నూనె. ఓ-రింగు కంపెనీ నంబరుదే తీసుకోండి, కొలత కలిసిందని డబ్బాలో దొరికింది వేయకండి. స్క్రూడ్రైవర్‌తో ఎక్కించకండి, అదే నూనె రాసి వేళ్లతో ఎక్కించండి. సిలిండర్‌కి కవర్‌కి మధ్య ఓ-రింగులు, డిస్ట్రిబ్యూటర్ కింద ఓ-రింగులు ఎలాగూ విప్పారు కాబట్టి అన్నీ కొత్తవే. సీలు కిట్టు వందల్లో పని, మళ్ళీ విప్పడం వేలల్లో పని.

సీలు వేసి పాత నూనే పోయడం కంటే విప్పకుండా ఉండటమే మేలు. నూనె మొత్తం దింపి, హౌసింగ్ అడుగున పేరుకున్న జిగురు బురద చేత్తో గుడ్డతో తీయాలి, పీచు ఊడే గుడ్డ కాదు. డీజిల్ కొట్టి కడిగితే పూర్తిగా కారిపోయాక మాత్రమే నూనె పోయండి, డీజిల్‌తో లిఫ్ట్ ఆడించకండి. జల్లెడ కడిగి, ఫిల్టర్ కొత్తది వేయండి. నూనె మాన్యువల్‌లో రాసిన గ్రేడే. నూనెలో మునిగే బ్రేకులున్న బండికి యూటీటీఓ రకం నూనె (గేర్లు, లిఫ్ట్, తడి బ్రేకులు అన్నిటికీ కలిపి చేసిన ట్రాక్టర్ నూనె) కావాలి, అందులో మామూలు గేరాయిల్ పోస్తే బ్రేకులు కీచుమంటాయి, చల్లటి పొద్దున పంపు నూనె పీల్చలేక మూలుగుతుంది. నూనె ఎక్కడినుంచి తడిసిందో ఆ సీలు కూడా ఇదే విడతలో మార్చాలి. లేకపోతే వచ్చే దమ్ముకి మళ్ళీ ఇదే ప్రశ్న అడుగుతారు.

దెబ్బ తగలడం గురించి కూడా చెప్పాలి. 430 కిలోల రొటావేటర్ ఎత్తి నిలబెడితే, ఇంతకుముందు లెక్క ప్రకారం పిస్టన్ మీద సుమారు రెండున్నర టన్నులు, అంటే 50 బార్ పైచిలుకు. దాన్ని ఎత్తుకుని గట్టు మీదుగానో గుంతల రోడ్డు మీదో వేగంగా పోతే ఒక్కో కుదుపుకి బరువు రెండింతలు మూడింతలవుతుంది, 150 బార్ దాటుతుంది. రిలీఫ్ వాల్వు కాపాడుతుంది కదా అనుకుంటారు. కాపాడదు. లివర్ నిలిపి ఉన్నప్పుడు చెక్ వాల్వు మూసుకుని ఉంటుంది, రిలీఫ్ దానికి అవతల పంపు వైపు ఉంటుంది. సిలిండర్‌కి సొంత సేఫ్టీ వాల్వు లేకపోతే దెబ్బంతా సిలిండరూ కనెక్టింగ్ రాడ్డే మోయాలి. కాబట్టి గట్టు దాటేటప్పుడు మెల్లగా. రోడ్డెక్కేటప్పుడు చెక్ చెయిన్లు (లింకులు పక్కలకు ఊగకుండా ఆపేవి) బిగించి, నాబ్ లాక్ చేసి. రొటావేటర్ మీద విత్తనాల బస్తాలు, మనుషులు వద్దు. రాత్రికి పనిముట్టు నేలమీద దించి పెట్టాలి. ఎత్తిన పనిముట్టు కింద దూరాలంటే చెక్క దిమ్మలో స్టాండో ఉండాలి, ఎంత కొత్త లిఫ్టైనా సరే.

పూర్తిగా ఎత్తినప్పుడు రిలీఫ్ కీచుమంటూనే ఉంటే పొజిషన్ లింకేజీ సెట్టింగ్ తప్పింది. పైకి ఎత్తాక లిఫ్ట్ చేతులు మన చేత్తో ఇంకొంచెం పైకి కదలాలి. కదలకపోతే పిస్టన్ చివరికంటా తోసుకుని పంపు ఆగకుండా రిలీఫ్ మీద నడుస్తోంది, నూనె ఉడుకుతోంది.

టిప్పర్ ట్రాలీ వాడేవాళ్లకి ఒక మాట. ట్రాలీని ఎత్తే జాకీ లేచినప్పుడు మీ హౌసింగ్‌లోని నూనె లీటర్లకొద్దీ దాంట్లోకి పోతుంది. నూనె మట్టం అంచుకు ఉంటే పంపు గాలి పీలుస్తుంది. అంతకంటే చెడ్డది అద్దె ట్రాలీ. దాని జాకీలో ఉన్న నూనె పోయిన బండిది, దాని మురికి కూడా. కప్లర్ నేలమీద ఈడ్చుకొచ్చింది తుడవకుండా తగిలిస్తే ఆ మట్టి నేరుగా డిస్ట్రిబ్యూటర్‌లోకి పోతుంది. మూత రబ్బర్లు పోతే కొత్తవి కొనుక్కోండి.

నూనె మార్పు కంపెనీ పుస్తకంలో చాలావరకు 1000 గంటల లెక్కన ఉంటుంది. దమ్ము చేసే బండికి ఆ లెక్క నేను ఒప్పుకోను. దమ్ము అయిపోగానే సీసా పరీక్ష, జల్లెడ శుభ్రం. నీళ్లు కనిపిస్తే గంటలతో పని లేకుండా మార్చేయడం. బండి ఖాళీగా ఉన్న నెలల్లో పది పదిహేను రోజులకోసారి స్టార్ట్ చేసి లిఫ్ట్ నాలుగుసార్లు పూర్తిగా ఎత్తి దించండి, సిలిండర్ గోడకి నూనె పూత అందుతుంది.

మీ విషయంలో వరస ఇది: రేపు పొద్దున సీసా పరీక్ష, తర్వాత వేడి నూనెతో నాబ్ తెరిచి ఒకసారి, బిగించి ఒకసారి అరగంట కొలతలు. ఆ రెండు వరసల అంకెలు, సీసా ఫొటో ఇక్కడ పెట్టండి. బాగుచేయించాక 50 గంటలు నడిచినప్పుడు ఇవే కొలతలు మళ్ళీ తీసి, పాతవాటి పక్కన రాసి ఉంచుకోండి.